కెజయా అత్త పెట్టని సంతకం

హాల్‌బరీ,
1775 ఫిబ్రవరి 6

మార్షెండ్ గ్రామానికి భూషణం, నాకు ఏకైక మేనత్త, మహారాజశ్రీ కెజయా రడ్ గారి సముఖమునకు,

అత్తా, ముందు క్షేమ సమాచారం. నేను బతికే ఉన్నాను. నువ్వు అల్లి పంపిన మేజోళ్ళు కూడా బతికే ఉన్నాయి.

నాలుగేళ్ళు కాలేజీలో లాటినూ, గ్రీకూ, తర్కశాస్త్రమూ చదివి ఈ అచ్చుకూటంలో నేను వెలగబెడుతున్నదేమిటో నీకు ఇంతవరకూ చెప్పలేదు. అత్తా, నేను పశ్చాత్తాపాలు రాస్తున్నాను. నావి కావు, కంగారుపడకు. ఊళ్ళోవాళ్ళవి.

సంగతి నీకు తెలిసిందే. ఇంగ్లండు రాజుగారు మన అమెరికా కాలనీల మీద పన్నులు వేసి, బోస్టన్ రేవు మూయించిన కోపంతో, పోయిన శరత్కాలంలో ఫిలడెల్ఫియాలో అన్ని కాలనీల పెద్దలూ మహాసభ చేసి ఒక కట్టుబాటు పెట్టారు కదా. ఇంగ్లండు సరుకు కొనకూడదు, గుర్రప్పందాలు ఆడకూడదు, నాటకాలు వెయ్యకూడదు, చావు ఇళ్ళలో మన ఆనవాయితీ ప్రకారం వచ్చినవాళ్ళకి చేతి తొడుగులు పంచకూడదు. తప్పినవాళ్ళని పట్టుకోవడానికి ఊరూరా కమిటీలు. దొరికినవాళ్ళు టోపీ చేత్తో పట్టుకుని వచ్చి, క్షమాపణ పత్రం మీద సంతకం పెడితే, మా పత్రిక నాలుగో పేజీలో వేస్తాం. అంతటితో సరి. పెట్టకపోతే అదే పేజీలో ‘అమెరికా స్వేచ్ఛకు శత్రువు’ అని వేస్తాం. ఆపైన ఎవరూ వాళ్ళకి అమ్మరు, వాళ్ళ దగ్గర కొనరు, పలకరించరు.

పాపం చెయ్యడానికి అందరికీ వచ్చు గానీ సిగ్గుపడుతూ రాయడం అందరికీ రాదు. అక్కడ నా విద్య అక్కరకొస్తోంది. కూతురి పెళ్ళికి ఇంగ్లండు నుంచి దిగిన బ్రిస్టల్ రిబ్బను కొన్న ఒక పీపాల వడ్రంగికి మొన్న రాసిచ్చాను. చదువుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. “బాబూ, ఇంత దుర్మార్గుణ్ణా నేను?” అన్నాడు.

శుక్రవారం నాడు మా జిల్లా కమిటీ అధ్యక్షులు, మీ ఊరి చర్చి పెద్ద, డీకన్ ఆసాహేల్ థ్రాల్ గారు కొత్త జాబితా తెచ్చారు. మొదటి పేరు చూసి చేతిలో ఉన్న అచ్చు అక్షరాలు నేల మీద పోశాను. ‘కెజయా రడ్, మార్షెండ్. జనవరి 12న భర్త ఎనోక్ రడ్ ఖననం సందర్భమున డెబ్భై జతల లండన్ చేతి తొడుగులు పంచినది.’

జీవితమంతా దున్నేవాళ్ళకి తోలు నిక్కర్లూ, గుర్రాలకి జీనులూ కుట్టిన మా మామయ్య, డెబ్భై జతల మేలైన లండన్ తొడుగులు ఏ మంచం కింద దాచాడో నాకు తెలియదు. ఇప్పుడది అనవసరం. కింద ముసాయిదా ఉంది. సంతకం పెట్టి పంపు.

‘కీర్తిశేషుడు ఎనోక్ రడ్ భార్యనైన కెజయా రడ్ అను నేను, దుఃఖముచే మతి చలించి, ఆడంబరముచే కన్నులు గానక, డెబ్భై జతల చేతి తొడుగులు పంచి, పీడితురాలైన ఈ దేశమాత గుండెలో డెబ్భై బాకులు దించితిని. అందుకు సిగ్గుతో తల వంచి, దేశస్థులందరి క్షమ వేడుకొనుచున్నాను.’

జతకు రెండు చొప్పున నూట నలభై బాకులు అందామనుకున్నాను. సొంత అత్తవి కదా అని తగ్గించాను.

నీ మేనల్లుడు,
జోథమ్ పెల్


మార్షెండ్,
ఫిబ్రవరి 14

ఒరే జోథమ్,

నా పాపాల పద్దు అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చి, రెండోసారి నిన్ను కాలేజీకి పంపినందుకు మీ నాన్నని తిట్టుకుంటూ.

మతి చలించిందన్నావు. ఆ రోజు డెబ్భైమందికీ ఎవరి జత వాళ్ళకి, ఒక్కటి కూడా తారుమారు కాకుండా నా చేత్తో అందించాను. మతి చలించినవాళ్ళు చేసే పనేనా అది? దేశమాత గుండెలో బాకులన్నావు. అందులో రెండు డీకన్ థ్రాల్ గారే పుచ్చుకున్నారు. ఒకటి ఆయనకి, ఒకటి జ్వరంతో ఇంట్లో ఉండిపోయిన వాళ్ళావిడకి. “మహా బాగున్నాయమ్మా, లండన్ వస్తువు లండన్ వస్తువే” అంటూ అక్కడే తొడుక్కున్నారు. పాదిరిగారు ఒక జత తీసుకున్నారు. నువ్వూ తీసుకున్నావు, గుర్తుందా?

ఇంకో మాట. విచారిస్తున్నానని సంతకం పెట్టాలంటే ముందు విచారం రావాలి కదరా. ఏదీ, రావడం లేదు. మీ మామయ్యని సరిగ్గానే సాగనంపాను. ఇచ్చినందుకు నేను క్షమాపణ చెప్పాలంటే, తీసుకున్నందుకు డెబ్భైమందీ చెప్పాలి. వాళ్ళ పత్రాలు ముందు రాయించు. బాకులు దించినదాన్ని నేనైతే, ఒరలు పట్టుకుని వరసలో నిలబడ్డది వాళ్ళు.

‘కన్నులు గానక’ బాగుంది. ఎవరికైనా వాడుకో.

నీ అత్త


హాల్‌బరీ,
మార్చి 1

అత్తా,

నీ జవాబు కమిటీకి చదివి వినిపించే ధైర్యం నాకు లేక, సారాంశం మాత్రం చెప్పాను: “ఆమె ఆలోచిస్తున్నారు.”

సమావేశం సత్రంలో జరిగింది. చలి కొరికేస్తోంది. పొయ్యిలో కట్టెలు తడివి. తొమ్మండుగురు పెద్దమనుషులు చేతులు బల్ల కింద దాచుకుని నీ నేరం గురించి గంటసేపు మాట్లాడారు. ఒక్కరూ తొడుగులు తొడుక్కోలేదు. డీకన్‌గారి కోటు జేబులో ఏదో ఉబ్బెత్తుగా ఉంది. ఆయన దాని మీద చెయ్యి వేసి అదిమి పెట్టుకుని, దేశభక్తి అంటే త్యాగం అని సెలవిచ్చారు.

నవ్వులాట పక్కన పెట్టి చెప్తున్నాను. వాళ్ళు గడువు పెట్టారు. ఏప్రిల్ 20, గురువారం పత్రిక. ఆ లోపల నీ సంతకం రాకపోతే నీ పేరు శత్రువుల వరసలో పడుతుంది. ఆ అక్షరాలు కూర్చాల్సింది నేనే.

నా మాట విని ఈ కొత్త ముసాయిదా చూడు. బాకులన్నీ తీసేశాను. ‘నేను చేతి తొడుగులు పంచితిని. అందులకు విచారించుచున్నాను.’ అంతే. ఇంతకన్నా పొట్టి పశ్చాత్తాపం ఈ కాలనీలో ఎవరికీ రాయలేదు. విచారం రాకపోతే రాకపోనీ, వాతావరణం గురించి విచారిస్తూ సంతకం పెట్టు. కాగితానికి తేడా తెలియదు.

నీ జోథమ్


మార్షెండ్,
మార్చి 19

జోథమ్,

కాగితానికి తేడా తెలియదు, నిజమే. నాకు తెలుస్తుంది.

గడువు దాకా ఆగక్కర్లేకుండానే మావాళ్ళు మొదలెట్టేశారు. మంగళవారం మొక్కజొన్నల మూట వేసుకుని మర దగ్గరికి వెళ్ళాను. మర నడిపే జేబెజ్ నా కళ్ళలోకి చూడకుండా, పైన దూలానికేసి చూస్తూ, “రాయి పాడైందమ్మా” అన్నాడు. రాయి గిరగిరా తిరుగుతూనే ఉంది. “తిరుగుతోంది కదయ్యా” అంటే, “తిరుగుతూ పాడైంది” అన్నాడు. పాపం, అబద్ధం ఆడడం కొత్త. ఎవరైనా నేర్పితే బాగుణ్ణు.

రోట్లో దంచుకుంటున్నాను. నా భుజాలు ఇప్పుడు కమ్మరివాడి భుజాల్లా ఉన్నాయి. రొట్టె బరకగా వస్తోంది గానీ, పళ్ళకి మంచిదట. ఉన్న ఆరు పళ్ళూ సంతోషిస్తున్నాయి.

ఒక్క సంగతే అంతు చిక్కడం లేదురా. మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒక జత ఉంది. అందుకని ఎవరూ నోరు విప్పలేదు, విప్పరు. డీకన్‌గారు అసలే విప్పరు. కానీ హాల్‌బరీ సత్రంలో మూడు ఊళ్ళ జనం ముందు ఈ మాట వచ్చిందని విన్నాను. మరి ఎవరు ఎత్తారు? కమిటీ ఇంక ఊరుకోలేనంత గట్టిగా చెప్పిన ఆ గొంతు ఎవరిది? నువ్వు అక్కడే ఉంటావు కదా, కనుక్కుని రాయి.

నీ అత్త


హాల్‌బరీ,
మార్చి 27

అత్తా,

నీ ఆరు పళ్ళకీ నా నమస్కారాలు.

గొంతు ఎవరిదన్నావు. ఈ సత్రంలో గొంతులకు కొదవా? ఇక్కడ యాపిల్ సారా రెండు లోటాలు పడితే గుర్రాలు కూడా రాజకీయం మాట్లాడతాయి. నిన్న ఒక పెద్దాయన రాజుగారిని పది నిమిషాలు తిట్టి, అలవాటు కొద్దీ ఆయన ఆరోగ్యం కోసమే లోటా ఎత్తాడు. అందరం తాగాం కూడా. మేము తిరగబడుతున్నామో, పుట్టినరోజు చేస్తున్నామో మాకే సరిగ్గా తెలియదు. మా యజమాని రాజుగారి దౌర్జన్యం మీద వ్యాసం వేసి, పత్రిక పైన రాజుగారి ముద్ర అలాగే ఉంచాడు. కొత్త అచ్చు దిమ్మ చెక్కించాలంటే వారం పడుతుందట. ఇటువంటి ఊళ్ళో ఎవరేం అన్నారో ఎలా తేలుతుంది? గాలి అనుకో. ఉత్తరపు గాలి.

జేబెజ్‌కి అబద్ధాలు నేర్పడానికి నేను సిద్ధం. తర్కశాస్త్రంలో అదే మొదటి పాఠం.

సంతకం పెట్టు, అత్తా.

జోథమ్


మార్షెండ్,
ఏప్రిల్ 8

జోథమ్,

నీ ఉత్తరంలో తొమ్మిది వేళాకోళాలు ఉన్నాయి. అడిగినదానికి సమాధానం లేదు.

చిన్నప్పుడు పాల కుండ పగలగొట్టిన రోజు కూడా నువ్వు ఇలాగే ఇల్లంతా తిరిగి కోడిలా, మేకలా కూసి నన్ను నవ్వించావు. అప్పుడే వంటింట్లోకి వెళ్ళి చూశాను.

సరే, నీ పని నువ్వు చెయ్యకపోతే నా పని నేను చేస్తాను. ఆ తొడుగులు బయటికి తియ్యి. ఎడమచేతిది తొడుక్కో. ఎనిమిదో ఏట యాపిల్ గానుగలో పెట్టి ఉంగరంవేలి కొన పోగొట్టుకున్నావు కదా. ఆ వేలు దగ్గర తోలు ఎంత పొడుగుందో చూడు.

చూశావా? అరకణుపు కురచ. ఇప్పుడు చెప్పు, నీ వేలు సంగతి లండన్‌వాడికి ఎలా తెలిసింది?

మీ మామయ్య చేసినవిరా అవి, డెబ్భై జతలూ. నలభై ఏళ్ళు ఈ జిల్లా పెద్దమనుషులు ఆయన చేత నిక్కర్లు కుట్టించుకున్నారు. తొడుగుల మాట వచ్చేసరికి, “అది నీ వల్ల కాదులే ఎనోక్, ఆ కుట్టు వేరు” అని లండన్‌కి రాసి తెప్పించుకునేవాళ్ళు. ఈయన నవ్వి ఊరుకునేవాడు. పోయిన వేసవిలో దగ్గు తగ్గదని తేలిపోయాక, వేటగాళ్ళ దగ్గర లేత జింక తోళ్ళు తెప్పించాడు. పట్టులా అయ్యేదాకా పదును చేశాడు. కిటికీ పక్కన ఎండలో కూర్చుని కోసేవాడు. కొలతలు తియ్యలేదు. “అందరి చేతులూ నాకు తెలుసే. కళ్ళెం పట్టుకున్నప్పుడు చూశాను, నా చేతిలోంచి నిక్కరు లాక్కున్నప్పుడు చూశాను” అనేవాడు.

నాతో ఒక్కటే అన్నాడు. “నీ అంతట నువ్వు చెప్పకు. ఎవరైనా అడిగితే దాచకు.”

అడిగితే చెబుదామనే ఉన్నాను. ఒక్కరు అడగలేదు. తొడుక్కుని చూసి, చేతికి అతికినట్టు ఉంటే, అయితే లండన్‌వే అనుకున్నారు. కమిటీ అడగలేదు. పత్రిక అడగలేదు. నా చేతుల మీద పెరిగినవాడివి, నువ్వూ అడగలేదు.

ఈ మాట కమిటీకి చెబితే వదిలేస్తారేమో అని నీకు తడుతుంది. చెప్పకు. కట్టుబాటు ఎక్కడి తొడుగులైనా ఒకటే అంటుంది. పైగా వాళ్ళు అడగలేదు.

ఆ గొంతు ఎవరిదో కూడా నాకు తెలుసు. నువ్వు చెబుతావేమోనని అడిగాను.

నీ అత్త


హాల్‌బరీ,
ఏప్రిల్ 18

అత్తా,

నేనే.

జనవరి చివర, సత్రంలో. ఆ తొడుగులు తొడుక్కుని వెళ్ళాను. అందరూ మెచ్చుకున్నారు. “మా మామయ్యని సాగనంపినట్టు గవర్నరుని కూడా సాగనంపరు. డెబ్భై జతలు, అసలు సిసలు లండన్‌వి” అన్నాను. మూడు ఊళ్ళవాళ్ళు విన్నారు. డీకన్‌గారు మూలన కూర్చుని నోరు మూసుకోమని కళ్ళతో సైగ చేశారు. నేను ఇంకా గట్టిగా చెప్పాను.

మూడు నెలలుగా తొడుక్కుంటూ, ఎంత బాగా పట్టాయో అనుకున్నానే తప్ప ఎందుకు పట్టాయని ఒక్కసారి అనుకోలేదు. ఉంగరంవేలు అరకణుపు కురచగా ఉంది అత్తా.

నాలుగో పేజీ నిన్ననే అచ్చయింది. వార్తల పేజీలు రేపు వేస్తాం. నీ పేరు ఉండాల్సిన చోట ఇది ఉంది:

‘జోథమ్ పెల్ అను నేను, జనవరి 12న మార్షెండ్‌లో జరిగిన ఖననంలో ఒక జత చేతి తొడుగులు తీసుకున్నాను. అవి ఎక్కడివని అడగలేదు. తెలియని సంగతి తెలిసినట్టు పదిమందిలో గొప్పలు చెప్పాను. దానివల్ల ఒక ఇంటికి పిండి ఆడడం ఆగిపోయింది. తప్పు నాది. ఇచ్చినామెది కాదు.’

మామయ్య రహస్యం చెప్పలేదు. చూడగానే యజమాని నన్ను తీసేస్తాడు. అది సరే. పశ్చాత్తాపాలు నలభై దాకా రాశాను. ఇది ఒక్కటి రాయడానికి మూడు రోజులు పట్టింది.

జోథమ్

19వ తేదీ: ఉత్తరం ఇంకా మూయలేదు. గంటలు మోగుతున్నాయి. లెక్సింగ్టన్ దగ్గర రాజుగారి సిపాయిలు మనవాళ్ళని కాల్చారట. ఎనమండుగురు పోయారు. మా ఊరి దళం కదులుతోంది. యజమాని నన్ను తీసెయ్యడానికి వచ్చి, తుపాకి ఇచ్చి పంపుతున్నాడు.


మార్షెండ్,
మే 5

ఒరే జోథమ్,

పత్రిక వచ్చింది. ఊరంతా లోపలి పేజీల్లో యుద్ధం సంగతి చదవడానికి కొట్టుకుంటున్నారు. నాలుగో పేజీలో శత్రువుల పేర్లు తప్ప ఇంకేమీ చదివినవాళ్ళు లేరు. నువ్వు పుట్టి బుద్ధెరిగాక రాసిన ఒక్క నిజాన్ని ఈ కాలనీ మొత్తంలో నేనొక్కదాన్నే చదివినట్టున్నాను.

చదివాను. చాలు. ఇంక ఆ సంగతి ఎత్తకు.

కానీ ఇలా నవ్వు లేకుండా మళ్ళీ రాయకు. సగం చదివేసరికి నువ్వు పోయావేమో, ఎవరో నీ పేరుతో రాస్తున్నారేమో అని భయం వేసింది.

నా పేరు పత్రికలో పడలేదు గనక జేబెజ్ నిన్న మూట మోసుకెళ్ళడానికి ఇంటికే వచ్చాడు. “రాయి బాగైందా?” అన్నాను. “దానంతట అదే” అన్నాడు. మనుషులు నేర్చుకుంటారు.

తల దించి నడు. నీ తల పెద్దది.

నీ అత్త


కేంబ్రిడ్జ్ దగ్గర శిబిరం,
నవంబర్ 20

అత్తా,

పెద్ద తల ఇంకా మెడ మీదే ఉంది.

ఇక్కడ మా పని బోస్టన్ చుట్టూ కూర్చుని లోపలున్న రాజుగారి సైన్యాన్ని చూడడం. వాళ్ళ పని మమ్మల్ని చూడడం. రాజుగారి సైన్యం మీదికి తుపాకులు ఎక్కుపెట్టి, ఆదివారం రాజుగారి క్షేమం కోసం ప్రార్థిస్తున్నాం. దేవుడికి తల తిరుగుతూ ఉండాలి.

చలి మాత్రం ఏ పక్షమూ కాదు. కాపలాలో తుపాకి గొట్టం పట్టుకుంటే అరచేతి చర్మం ఊడి వస్తోంది. మా గుడారంలో ఆరుగురికి ఒకే ఒక్క జత తొడుగులు. వంతులవారీగా వాడుతున్నాం. ఎడమ ఉంగరంవేలు దగ్గర అందరూ తిట్టుకుంటున్నారు. “ఎవడు కుట్టాడ్రా ఇది?” అంటారు. “మా మామయ్య” అంటాను. వాళ్ళు అడిగారు కాబట్టి చెబుతున్నాను.

జోథమ్


మార్షెండ్,
డిసెంబర్ 11

ఒరే జోథమ్,

నిన్న మన ఇంటికి డీకన్ థ్రాల్ గారు దయచేశారు. గుమ్మంలో నిలబడి ముందు మంచు గురించి, తర్వాత నా మోకాళ్ళ గురించి, తర్వాత ఆయన మోకాళ్ళ గురించి మాట్లాడారు. అప్పుడు అసలు సంగతి తీశారు.

“శిబిరంలో కుర్రాళ్ళ చేతులు గడ్డకట్టిపోతున్నాయమ్మా. ఓడలు లేవు, లండన్ నుంచి ఒక్క జత రాదు. ఎనోక్ పనిముట్లూ, తోళ్ళూ ఏమన్నా మిగిలాయేమోనని వచ్చాను. కుట్టేవాడు దొరకడం లేదనుకోండి. నిక్కర్లంటే ఎలాగో కుట్టుకుంటాం. ఇదిగో, ఇలాంటిది…” అని ఆయన చెయ్యి నా ముక్కు ముందు చాచారు. దేశభక్తి చలికి ఆగలేదు, తొడుక్కునే వచ్చారు. “ఈ కుట్టు చూడండి. ఇలాంటిది ఈ దేశంలో ఎవడు కుట్టగలడు?”

“డీకన్‌గారూ, మీ చిటికెనవేలు ఎప్పుడు విరిగింది?” అన్నాను.

“ఇప్పుడు దాని సంగతెందుకు? పదిహేనో ఏట. గుర్రం తన్ని.”

“వంకరగా అతుక్కుంది కదూ. తొడుగు అక్కడెక్కడైనా పట్టేస్తోందా?”

“అబ్బే! నా జన్మలో ఇంత హాయిగా పట్టింది లేదు. అందుకే చెబుతున్నా, లండన్…”

“మీ వేలు వంకర సంగతి లండన్‌వాడికి ఎవరు రాశారంటారు?”

నేను కూర్చోమనకుండానే కూర్చున్నారు. తొడుగు తీశారు. తిరగేసి చూశారు. చిటికెనవేలు దగ్గర పక్కకి వేసిన చిన్న అతుకుని చాలాసేపు తడిమారు.

“ఎనోకా?” అన్నారు.

“ఎనోకే.”

“ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదమ్మా!”

“ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని కదండీ.”

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. పొగ అన్నారు. పొయ్యి వెలిగించనే లేదు.

పనిముట్లు ఇస్తారా అని అడిగారు. ఇవ్వనన్నాను. ఆయన కోసేవాడు గానీ, ముప్పై ఏళ్ళుగా కుట్టినది నేను. ఈ మాట కూడా ఎవరూ అడగలేదు. ఆయన కత్తి పట్టడం నాకు వచ్చు. ఇవాళ పొద్దున్న ఎనిమిదిమంది ఆడవాళ్ళు సూదులు పట్టుకుని వచ్చారు, అందులో డీకన్‌గారి భార్య ఒకరు. మొదటి అరడజను వంకరగా వచ్చాయి. దీంతో పంపుతున్నాను, వంకర చేతులవాళ్ళకి ఇయ్యి.

నీ అత్త


న్యూయార్క్ శిబిరం,
1776 జులై 12

అత్తా,

వంకర తొడుగులు అందరికీ సరిపోయాయి. రాజుగారి సైన్యం మార్చిలో బోస్టన్ వదిలి ఓడలెక్కింది. ఇప్పుడు వాళ్ళు ఇటు వస్తారని మమ్మల్ని ఇక్కడికి తోలారు. జులై ఎండలో నాకు తొడుగుల అవసరం లేదు గానీ, సంచిలో ఉన్నాయి.

మొన్న మమ్మల్నందరినీ వరసల్లో నిలబెట్టి ఫిలడెల్ఫియా మహాసభవారి కాగితం ఒకటి చదివి వినిపించారు. మనం ఇంక రాజుగారి మనుషులం కామట. పదమూడు కాలనీలూ స్వతంత్ర రాజ్యాలట. రాజుగారు అది చేశారు, ఇది చేశారు అని చాంతాడంత పట్టిక. లెక్కపెడుతూంటే మధ్యలో ఎండదెబ్బ తగిలినవాడు ఒకడు నా మీద పడి లెక్క తప్పింది.

కాగితాల విషయంలో నాకు కాస్త అనుభవం ఉంది గనక శ్రద్ధగా విన్నాను అత్తా. తప్పు చేశామని లేదు. సిగ్గుతో తల వంచడం లేదు. విచారిస్తున్నామన్న మాట మొదటినుంచి చివరిదాకా వెతికినా దొరకలేదు. పోయిన ఏడంతా మన పెద్దలు రాజుగారికి వినయంగా విన్నపాలు పంపారు. నా ముసాయిదాల్లాగే ఒకదాన్ని మించి ఒకటి మెత్తగా. చివరికి ఇలా తేలారు. ఈ పద్ధతి ఎక్కడో చూశానే అనిపించింది. నీ దగ్గరికి ఫిలడెల్ఫియా నుంచి ఎవరైనా వచ్చి నేర్చుకెళ్ళారా?

కింద సంతకాలు పెడితే, పెట్టినవాళ్ళందరినీ రాజుగారు పట్టుకుని ఉరి తీయిస్తారట. మనం ఓడిపోతే. ఇది వేళాకోళం కాదు. రేవు నిండా ఆయన ఓడలున్నాయి. నేను లెక్కపెట్టడం మానేశాను.

కొత్త దేశ పౌరుడు,
జోథమ్


మార్షెండ్,
ఆగస్టు 20

ఒరే జోథమ్,

ఆదివారం ఆ కాగితం మా దగ్గర పాదిరిగారు చదివారు. గంట ప్రసంగం చాలక, పైన ఇది. ముందు వరసలో ఇద్దరు నిద్రపోయి ఒక దేశంలో కళ్ళు మూసుకుని ఇంకో దేశంలో తెరిచారు. నాకు బాగుంది. బాకులు లేవు గదా అని చూసుకున్నాను.

ఎవరూ నేర్చుకెళ్ళలేదు. వచ్చి ఉంటే రొట్టె పెట్టేదాన్ని.

సోమవారం డీకన్‌గారు ఒప్పందం కాగితం తెచ్చారు. ఈ చలికాలం సైన్యానికి మన మసాచుసెట్స్ తరఫున తొడుగులు మేమే కుట్టి ఇవ్వాలని. ఇప్పుడు ఇరవైరెండుమందిమి కుడుతున్నాం. బల్ల దగ్గర కూర్చుని పేర్లన్నీ నింపి, ఒకచోట ఆగిపోయారు. పాత అచ్చు కాగితం అది, మీ అచ్చుకూటం నుంచి వచ్చిందే.

“చిక్కొచ్చింది కెజయమ్మా. కింద ‘మన ప్రభువులైన రాజుగారి పాలనలో పదహారో ఏట’ అని ముందే అచ్చు వేసి ఉంది.”

“కొట్టెయ్యండి.”

“కొట్టేసి ఏం రాయను?”

“ఇది ఏ సంవత్సరమో అది రాయండి.”

“అది సరే. ప్రభువు అన్న చోట ఎవర్ని రాయాలి?”

“ఇప్పుడు ఎవరున్నారు?”

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు, అక్కడెవరైనా కనబడతారేమో అన్నట్టు. జేబెజ్ గాడిదని తోలుకెళుతున్నాడు. “ఎవరూ లేరు” అన్నారు.

“అయితే ఖాళీగా ఉంచండి.”

ఆయన కలం పట్టుకున్నారు. జన్మంతా రాజుల పేరు మీదే ప్రమాణాలు చేసిన మనిషి. సన్నగా, కనబడీ కనబడనట్టు ఒక గీత గీశారు. “అలా కాదండీ, గిచ్చినట్టుంది” అన్నాను. అదిమిపట్టి రెండోసారి గీశారు. కాగితం కాస్త చిరిగింది.

ఆడదాని సంతకం చెల్లుతుందా అని అడిగాను. విధవరాలిది చెల్లుతుందన్నారు. మరి మొన్న ఊరి సభలో ఓటు అంటే, అది చెల్లదన్నారు. మీ కొత్త దేశానికి ఈ సంగతి చెప్పు, నేను గుర్తుపెట్టుకున్నానని.

ఒరేయ్, రేవులో ఓడలు లెక్కపెట్టకపోయినా ఫరవాలేదు. ఉత్తరాలు రాయడం మానకు. రెండు వాక్యాలైనా సరే, అందులో ఒకటి వేళాకోళమైతే మరీ మంచిది. పోయిన నెల నుంచి ఈ ఊరి తల్లులందరూ సూదీ దారంతో మా ఇంట్లోనే ఉంటున్నారు. ఉత్తరం వచ్చిన రోజు కుట్టు తిన్నగా వస్తోంది. రాని రోజు విప్పి మళ్ళీ కుట్టాల్సి వస్తోంది.

సంతకం సంగతి చెప్పలేదు కదూ. అడుగున డీకన్‌గారు తన పేరు పొడుగ్గా రాసేసి నాకు చోటు లేకుండా చేశారు. వెతికితే, కొట్టేసిన రాజుగారి పేరు పక్కన కాస్త ఖాళీ కనబడింది. కళ్ళజోడు పెట్టుకుని, నా పూర్తి పేరు అక్కడ పెట్టాను.

నీ అత్త,
కెజయా రడ్